హోమ్ లాంగ్వేజ్ సర్వేలో తెలుగు అని రాశాం, పాపని ఈఎస్ఎల్‌లో వేశారు, డినయల్ మీద సంతకం పెట్టాలా?

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్తా, తర్వాత చదివేవాళ్ళకి కూడా ఉపయోగపడుతుంది. పాప హైదరాబాద్‌లో ఇంగ్లీష్ మీడియంలో ఒకటో తరగతి అయ్యాక ఆగస్టులో టెక్సాస్ వచ్చారు, సెకండ్ గ్రేడ్‌లో చేర్చారు, ఎన్‌రోల్‌మెంట్ ఫారాల్లో ఇంట్లో భాష తెలుగు అని నిజమే రాశారు. కొన్నాళ్ళకి స్కూల్ వాళ్ళు టెస్ట్ పెట్టి, పాప ఎమర్జెంట్ బైలింగ్వల్ (ఇంట్లో వేరే భాష ఉండి ఇంగ్లీష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్ల) కిందకి వస్తుంది, ఈఎస్ఎల్ (ఇంగ్లీష్‌ని రెండో భాషగా నేర్పే) ప్రోగ్రాంకి ఒప్పుకుంటూ సంతకం పెట్టండి అని లెటర్ పంపారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో ఏమో ఇంగ్లీష్ అని రాయాల్సింది కదా, ఇప్పుడైనా డినయల్, అంటే ప్రోగ్రాం వద్దని సంతకం, పెట్టేయండి, లేకపోతే పిల్లకి ముద్ర పడిపోతుంది, గిఫ్టెడ్ (చురుకైన పిల్లలకి పెట్టే ప్రత్యేక ప్రోగ్రాం)కి తీసుకోరు, డబ్బుల కోసం స్కూళ్ళు ఇలా చేస్తాయి అని తలా ఒకటి చెప్పారు. మీవారు డినయల్ పెట్టేద్దాం అంటున్నారు, మీకేమో మనసొప్పట్లేదు.

డినయల్ పెట్టకండి. ఒప్పుకుంటున్నాం అనే చోటే సంతకం పెట్టండి, ఆ తర్వాత పాప ఎప్పుడు ఎగ్జిట్ అవుతుందా, అంటే ఎమర్జెంట్ బైలింగ్వల్ లిస్టులోంచి బయటికి వస్తుందా, అని ప్రతి సంవత్సరం వెంటపడండి. నేను డల్లాస్ దగ్గర పబ్లిక్ స్కూల్లో చాలా ఏళ్ళుగా ఈఎస్ఎల్ చెప్తున్నా, మా క్యాంపస్ ఎల్‌ప్యాక్‌లో కూర్చుంటా. ఎల్‌ప్యాక్ అంటే లాంగ్వేజ్ ప్రొఫిషియెన్సీ అసెస్‌మెంట్ కమిటీ, మీ పాప విషయం తేల్చింది మీ స్కూల్లో ఉన్న అలాంటి కమిటీనే. నేను చూసినంతలో మన తెలుగు పిల్లలకి ఈఎస్ఎల్‌లో చేరడం వల్ల జరిగిన నష్టం ఏమీ లేదు, చేరాక అమ్మానాన్నలు దాని సంగతే మర్చిపోవడం వల్ల మాత్రం చాలా నష్టం జరిగింది. అందుకే కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ సర్వే సంగతి. టెక్సాస్ ఫారంలో అడిగేవి ఇంట్లో ఎక్కువగా ఏ భాష వాడతారు, పిల్ల ఎక్కువగా ఏ భాష వాడుతుంది, ఇంతకుముందు వేరే ఇంట్లో పెరిగితే అక్కడ ఏ భాష, ఇవే. ఎక్కడైనా ఇంగ్లీష్ కాని భాష కనపడితే స్కూల్ టెస్ట్ పెట్టి తీరాలి, అంతవరకే సర్వే పని. పిల్ల ఈఎస్ఎల్‌లోకి వస్తుందా రాదా అనేది టెస్ట్ తేలుస్తుంది, సర్వే కాదు. ఇంట్లో తెలుగే మాట్లాడుతూ టెస్ట్‌లో బాగా వచ్చి మామూలుగా క్లాసుకి వెళ్ళిపోయే పిల్లలు ప్రతి ఆగస్టులో మా దగ్గర ఉంటారు. ఇప్పుడు వెనక్కి వెళ్ళి ఫారం మార్చడం కూడా కుదరదు, టెక్సాస్‌లో సర్వే దిద్దుకోవాలంటే పిల్లకి టెస్ట్ పెట్టకముందే, అదీ చేరిన రెండు వారాల లోపే చెయ్యాలి. కుదిరినా వద్దనే అంటాను, అబద్ధం రాస్తే నష్టపోయేది పిల్లే. ఇంగ్లీష్ అని రాసేసిన ఇళ్ళ పిల్లలు క్లాసులో సగం అర్థం కాక కూర్చుంటే, ఆ టీచర్‌కి పిల్ల ఎందుకు వెనకబడిందో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు.

వీసా భయం కూడా కొంతమందికి ఉంటుంది, హెచ్4 మీద ఉన్నాం, ఇలాంటివి రాస్తే ఎక్కడికి వెళ్తుందో అని. ఆ సర్వేకీ ఇమ్మిగ్రేషన్‌కీ సంబంధం లేదు. ఏ స్టేటస్‌లో ఉన్నా పిల్లల్ని పబ్లిక్ స్కూల్లో చేర్చుకోవాల్సిందే అని 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసు టెక్సాస్‌దే. ఇక్కడే పుట్టి అమెరికన్ పాస్‌పోర్ట్ ఉన్న పిల్లలు కూడా ఈ లిస్టులో బోలెడంతమంది ఉంటారు.

అసలు ఇదంతా ఎందుకు పెట్టారో తెలిస్తే ఆ లెటర్ చూసి అంత కంగారు పడరు. 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో దాదాపు 1,800 మంది చైనీస్ పిల్లలు ఇంగ్లీష్ రాకుండానే క్లాసుల్లో కూర్చుంటున్నారు, విడిగా ఏ సాయమూ లేదు. ఆ తల్లిదండ్రులు కోర్టుకి వెళ్ళారు. లావ్ వర్సెస్ నికోల్స్ కేసులో 1974లో సుప్రీంకోర్టు తీర్పు ఏంటంటే, అందరికీ అవే పుస్తకాలు, అదే టీచర్, అదే సిలబస్ ఇచ్చేసి సమానంగా చూశాం అంటే కుదరదు, భాష అర్థం కాని పిల్లకి అందులో చదువే లేదు అని. 1981లో మన టెక్సాస్‌లోనే, రేమండ్‌విల్ అనే ఊరి నుంచి కాస్టనేడా కేసు వచ్చింది. అక్కడ కోర్టు ఇంకో మెట్టు ఎక్కి, స్కూల్ పెట్టిన ప్రోగ్రాంకి సరైన ఆధారం ఉండాలి, దాన్ని నడపడానికి తగిన టీచర్లూ వనరులూ ఉండాలి, కొన్నాళ్ళకి ఫలితం వస్తుందో లేదో చూడాలి, రాకపోతే మార్చాలి అంది. ఈ మూడో మాట గుర్తుపెట్టుకోండి, స్కూల్‌తో మాట్లాడేటప్పుడు మీకు బలం అదే. తర్వాత 2015లో వచ్చిన ఎసా అనే ఫెడరల్ విద్యా చట్టం వల్ల ఒక్కో రాష్ట్రం అంతటా చేర్చుకోడానికీ బయటికి పంపడానికీ ఒకే పద్ధతి ఉండాలి, పిల్ల చేరిన 30 రోజుల్లోపు టెస్ట్ పెట్టాలి అని వచ్చింది. మీకొచ్చిన లెటర్ ఈ వరుసలోదే, మీ పాపని ఎవరో ప్రత్యేకంగా పట్టుకుని చేసింది కాదు.

డబ్బుల కోసం చేస్తారు అనేదానికి కూడా చెప్తా. నిజమే, ఈఎస్ఎల్‌లో ఉన్న ఒక్కో పిల్లకి టెక్సాస్ ప్రభుత్వం స్కూల్ డిస్ట్రిక్ట్‌కి మామూలు నిధుల మీద 0.1 వెయిట్ అదనంగా ఇస్తుంది, అంటే పదో వంతు. టీచర్ జీతం, మెటీరియల్, టెస్టులు అన్నీ చూస్తే అది లాభం తెచ్చిపెట్టే బేరమేమీ కాదు, పైగా టెస్ట్ స్కోర్ రాకుండా ఎవర్నీ ఆ లిస్టులో పెట్టడానికి వీల్లేదు.

ఇప్పుడు అసలు విషయం, ఆ టెస్ట్. టెక్సాస్‌లో మరీ చిన్నపిల్లలకి ప్రీలాస్, మీ పాప క్లాసు వాళ్ళకీ ఆ పైవాళ్ళకీ లాస్ లింక్స్ అనే టెస్ట్ పెడతారు. చిన్నపిల్లలకి వినడం మాట్లాడటం చూస్తారు, సెకండ్ గ్రేడ్ నుంచి చదవడం రాయడం కూడా కలుస్తాయి, కాబట్టి మీ పాపకి నాలుగూ చూసి ఉంటారు. లెటర్‌లో ఫలితం ఒక్క ముక్కలో రాసి ఉంటే దాంతో ఊరుకోకండి, నాలుగింటికీ విడివిడిగా వచ్చిన లెవెల్స్ ఇవ్వమని అడగండి, లాస్ లింక్స్‌లో లెవెల్స్ 1 నుంచి 5 దాకా ఉంటాయి. ఆ నాలుగు అంకెలు చూస్తే పాపకి ఏం కావాలో మీకే తెలిసిపోతుంది.

ఇండియా నుంచి ఇంగ్లీష్ మీడియం చదివి వచ్చిన పిల్లల్లో నాకు ఎక్కువగా కనపడేది ఇదీ: చదవడం బాగుంటుంది, స్పెల్లింగులు చాలా బాగుంటాయి, చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, మాట్లాడటం దగ్గర ఆగిపోతారు. ఇంగ్లీష్ రాక అనుకుంటారు కానీ చాలాసార్లు అలవాటు వేరు. మైక్ ఉన్న హెడ్‌సెట్ పెట్టి స్క్రీన్ మీద బొమ్మ చూపిస్తారు, పార్కులో పిల్లలు, ఒక కుక్క, బెంచీ మీద ఒక ముసలాయన, ఏం జరుగుతోందో చెప్పు అంటారు. మన పిల్లాడు ప్లేయింగ్ అంటాడు. అంతే, చెప్పేశాను కదా అన్నట్టు చూస్తూ కూర్చుంటాడు. అతని లెక్కలో జవాబు కరెక్టే, మన క్లాసుల్లో టీచర్ అడిగితే ఒక్క మాటలో టక్కున సరైన జవాబు చెప్పడం నేర్పుతాం కాబట్టి. టెస్ట్‌కి కావాల్సింది వేరు, పిల్లవాడి నోట్లోంచి వచ్చే వాక్యాలు, ఎందుకు, ఎలా, ముందేమైంది తర్వాతేమైంది అని కలుపుతూ చెప్పగలడా లేదా అన్నది. అదే బొమ్మకి పక్కనున్న పిల్ల, ఆ అబ్బాయి బంతి విసిరాడు, కుక్క దాని వెంట పరిగెత్తుతోంది, ముసలాయన నవ్వుతున్నాడు ఎందుకంటే ఆ కుక్క ఆయనదేమో అని మూడు నాలుగు వాక్యాలు చెప్తే, అందులో ఒకటి రెండు తప్పులున్నా లెవెల్ పైకి వస్తుంది. దానికి తోడు అమెరికన్ టీచర్ మాట వేగం, చెవికి కొత్త యాస. వినడం విషయంలో మీ పాపలాంటి పిల్లలు చాలా తొందరగా అందుకుంటారు, చాలాసార్లు ఆ సంవత్సరంలోనే తేడా తెలుస్తుంది.

ఇక్కడే పుట్టిన పిల్లల్ది దీనికి పూర్తిగా ఎదురు. గడగడా మాట్లాడతారు, యాస చూస్తే అమెరికన్ పిల్లలే, ఇంట్లో తాతయ్యకి నాన్నమ్మకి డెలివరీ వాడితో మాట్లాడిపెట్టేది వాళ్ళే, అలాంటి పిల్లకి ఇంగ్లీష్ రాదని లెటర్ వస్తే తల్లిదండ్రులకి కోపం రాదా మరి. ఆ కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఒక్కసారి ఆ పిల్ల రాసిన సైన్స్ పేరా తీసి చూడండి. మొక్క ప్రయోగం గురించి రాయమంటే ఒక మొక్క కిటికీ దగ్గర పెట్టాం, ఇంకోటి బీరువాలో పెట్టాం, ఆ థింగ్ ఎల్లో అయిపోయింది, సో ఇట్ డైడ్ అని ఉంటుంది. వెలుతురు అందకపోవడం వల్ల, దానికి భిన్నంగా, దీన్నిబట్టి తెలిసేదేంటంటే, ఇలా కారణాన్నీ ఫలితాన్నీ కలిపే మాటలు ఉండవు. ఆటస్థలంలో వాడే భాషా, పుస్తకంలో పరీక్షలో కావాల్సిన భాషా రెండూ వేరని 1979లోనే జిమ్ కమిన్స్ అనే పరిశోధకుడు రాశారు, మొదటిది సుమారు రెండేళ్ళలో వచ్చేస్తుంది, రెండోదానికి అయిదు నుంచి ఏడేళ్ళు పట్టొచ్చు అని తర్వాతి పరిశోధనల్లో తేలింది. మా క్లాసుల్లో నేను రోజూ చూసేది అదే. థర్డ్ గ్రేడ్ దాకా ఎవరికీ తెలీదు, ఫోర్త్‌లో సోషల్ స్టడీస్ పుస్తకం లావెక్కేసరికి బయటపడుతుంది. న్యూజెర్సీ, వర్జీనియా, జార్జియా, ఇల్లినాయి లాంటి విడా (ఒకే ఇంగ్లీష్ టెస్టులు వాడే రాష్ట్రాల కూటమి) రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు కూడా చూసుకోండి, అక్కడ ప్రతి సంవత్సరం పెట్టే యాక్సెస్ టెస్ట్ మొత్తం స్కోర్‌లో చదవడానికి 35 శాతం, రాయడానికి 35 శాతం, వినడానికి 15, మాట్లాడటానికి 15 శాతం. మావాడు ఎంత బాగా మాట్లాడతాడో తెలుసా అన్నది అక్కడ పెద్దగా అక్కరకి రాదు.

డినయల్ పెడితే ఏమవుతుందో కూడా మీవారికి చెప్పండి. పాప కోడ్ పోదు. ఎమర్జెంట్ బైలింగ్వల్ అనే గుర్తింపు అలాగే ఉంటుంది, ప్రతి సంవత్సరం టెల్పాస్ (టెక్సాస్‌లో ఈ పిల్లలకి పెట్టే ఇంగ్లీష్ పరీక్ష) రాయాల్సిందే, ఎగ్జిట్ అయ్యేదాకా. పోయేది ఒక్కటే, ఈఎస్ఎల్ టీచర్ సాయం. అంటే ముద్ర ఉంటుంది, మందు ఉండదు. నాకు ఇందులో ఏ లాభమూ కనపడట్లేదు. ఒకవేళ ప్రోగ్రాం నచ్చకపోతే తర్వాత ఎప్పుడైనా తీసేయమని రాసిచ్చే హక్కు మీకు ఉంది, కాబట్టి ముందే తలుపు మూసుకోవాల్సిన పనిలేదు.

గిఫ్టెడ్ గురించి గ్రూప్‌లో చెప్పింది తప్పు. ఇంగ్లీష్ నేర్చుకుంటోంది అనే కారణంతో గిఫ్టెడ్ నుంచి ఎవర్నీ పక్కన పెట్టకూడదు, టెక్సాస్‌లో అయితే పిల్లకి అర్థమయ్యే భాషలోనో లేదా మాటలతో పనిలేని బొమ్మల టెస్ట్‌తోనో చూడాలి అని రాష్ట్ర నిబంధనే ఉంది. నామినేషన్ గడువు ఎప్పుడో కౌన్సిలర్‌ని అడిగి, ఆ గడువులో మీరే నామినేట్ చెయ్యండి.

సంతకం పెట్టే ముందు మాత్రం స్కూల్‌ని కొన్ని అడగండి. పాపని క్లాసులోంచి బయటికి తీసుకెళ్ళి చెప్తారా, లేక ఈఎస్ఎల్ సర్టిఫికేషన్ ఉన్న టీచర్ క్లాసులోనే చెప్తారా? బయటికి తీసుకెళ్తే ఏ పీరియడ్‌లో? సైన్స్ పోగొట్టుకుని ఇంగ్లీష్ నేర్చుకోమంటే ఒప్పుకోనక్కర్లేదు, టైం మార్చమని గట్టిగానే అడగండి. ఇంకోటి చాలామందికి తెలీదు, టెక్సాస్‌లో ఒక డిస్ట్రిక్ట్ మొత్తం మీద ఒకే గ్రేడ్‌లో ఒకే భాష పిల్లలు ఇరవై మంది ఈ లిస్టులో ఉంటే ఎలిమెంటరీలో ఆ భాషలో బైలింగ్వల్ ప్రోగ్రాం పెట్టాలని రూల్ ఉంది. ఆ రూల్ తెలుగుకీ వర్తిస్తుంది. సర్టిఫికెట్ ఉన్న టీచర్లు లేనప్పుడు డిస్ట్రిక్ట్‌లు రాష్ట్రం దగ్గర మినహాయింపు తీసుకుని బదులుగా ఈఎస్ఎల్ లాంటివి నడుపుతాయి. మనవాళ్ళు సర్వేల్లో ఇంగ్లీష్ అని రాసేస్తే ఆ ఇరవై లెక్క కూడా తేలదు, తెలుగు వచ్చిన టీచర్లు కావాలని ఎవరూ అనుకోరు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇక ఎగ్జిట్. ఇదే అసలు జాగ్రత్త పడాల్సింది. టెక్సాస్‌లో సంవత్సరం చివర్లో ఎల్‌ప్యాక్ కూర్చుని చూస్తుంది: ఫిబ్రవరి, మార్చిలో రాసే టెల్పాస్‌లో వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం పై స్థాయికి రావాలి, స్టార్ (రాష్ట్రం అందరికీ పెట్టే వార్షిక పరీక్ష) రీడింగ్ పాస్ అవ్వాలి, టీచర్ ఒక రూబ్రిక్ (పిల్ల స్థాయిని అంచనా వేసే పట్టిక) నింపాలి. మీ పాప సెకండ్ గ్రేడ్, స్టార్ థర్డ్ నుంచే ఉంటుంది కాబట్టి దాని బదులు రాష్ట్రం ఒప్పుకున్న ఒక రీడింగ్ టెస్ట్‌లో 40వ పర్సెంటైల్ గానీ అంతకు పైన గానీ రావాలి. అన్నీ కుదిరితే ఈ సంవత్సరం చివర్లోనే బయటికి రావచ్చు, కిండర్ పిల్లలకి మాత్రం ఆ అవకాశం లేదు. సెకండ్ గ్రేడ్ నుంచి టెల్పాస్ కంప్యూటర్ మీదే, రాయడం అంటే టైప్ చెయ్యడమే, చేతిరాత ముత్యాల్లా ఉన్న పిల్ల ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రెండు లైన్లు కొట్టి ఆపేస్తే ఆ రెండు లైన్లకే స్కోర్ వస్తుంది. అందుకని జనవరి నుంచి రోజూ కాసేపు టైపింగ్ చేయించండి, రాష్ట్రం వెబ్‌సైట్‌లో టెల్పాస్ ప్రాక్టీస్ ఉచితంగానే ఉంటుంది, హెడ్‌సెట్ పెట్టుకుని బొమ్మ గురించి నిమిషంసేపు ఆపకుండా చెప్పడం అలవాటు చెయ్యండి. తెలుగులో చెప్పించినా మంచిదే, కథ చెప్పే అలవాటు ఏ భాషలో వచ్చినా ఇంకో భాషకి పనికొస్తుంది. ఇంట్లో తెలుగు మానేయమని ఎవరైనా, టీచరే చెప్పినా సరే, వినకండి.

ఎవరూ పట్టించుకోకపోతే ఏమవుతుందంటే, ఒక్క రాయడం దగ్గర ఒక లెవెల్ తగ్గి ఏటా అక్కడే ఆగిపోతారు. అలా సిక్స్త్ గ్రేడ్‌కి వచ్చేసరికి ఆరేడేళ్ళుగా ఇదే లిస్టులో ఉన్న పిల్లలు ఉంటారు, మిడిల్ స్కూల్లో బ్యాండో ఆర్టో తీసుకోవాల్సిన పీరియడ్‌లో ఈఎస్ఎల్ క్లాసు వచ్చి కూర్చుంటుంది, పిల్లలకి అప్పుడు నిజంగానే నామోషీగా ఉంటుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే. ప్రతి వేసవిలో వచ్చే టెల్పాస్ రిపోర్ట్ తీసి, పోయినేడాదితో పక్కపక్కన పెట్టి, ఎక్కడ కదల్లేదో చూసి ఆగస్టులో టీచర్‌ని అడగండి, దీనికి ఈ సంవత్సరం ఏం చేస్తారు అని. కాస్టనేడాలో కోర్టు చెప్పిన మూడో మాట ఇదేగా. ఎగ్జిట్ అయ్యాక కూడా టెక్సాస్‌లో రెండేళ్ళు ఎల్‌ప్యాక్ కనిపెట్టి చూస్తుంది, మళ్ళీ తగ్గితే సాయం ఇస్తారు.

ఇంకో ముఖ్యమైన సంగతి, మీకు ఇప్పుడు అవసరం లేకపోవచ్చు. కొంతమంది పిల్లలకి స్కూల్ స్పీచ్ థెరపీ అనో లెర్నింగ్ డిసెబిలిటీ అనో అంటుంది. కొన్నిసార్లు నిజంగా అవసరం ఉంటుంది, అప్పుడు మొహమాటపడి వద్దనకండి. కానీ మన పిల్లలు 'ది', 'ఎ' వదిలేయడం, వీ కి డబ్ల్యూ కి తేడా లేకుండా పలకడం, స్కూల్‌ని ఇస్కూల్ అనడం, క్రియని చివర పెట్టడం, ఇవన్నీ తెలుగు మాట్లాడే ఏ పిల్లయినా చేసేవే, జబ్బు కాదు. 1970లో కాలిఫోర్నియాలో డయానా అనే కేసు ఇందుకే నడిచింది, స్పానిష్ మాట్లాడే పిల్లలకి ఇంగ్లీష్‌లో ఐక్యూ టెస్ట్ పెట్టి బుద్ధిమాంద్యం క్లాసుల్లో వేశారు. ఇప్పుడు ఐడియా అనే, వైకల్యం ఉన్న పిల్లల చదువు కోసం పెట్టిన ఫెడరల్ చట్టం ప్రకారం పిల్లని ఆమె సొంత భాషలో పరీక్షించాలి, ఇంగ్లీష్ రాకపోవడమే అసలు కారణమైతే డిసెబిలిటీ అని రాయకూడదు. తెలుగు వచ్చిన ఎగ్జామినర్ లేదా ఇంటర్‌ప్రెటర్ కావాలని రాతపూర్వకంగా అడగండి. ఆ మీటింగుల్లో తాతయ్య నాన్నమ్మలకి పిల్లచేతే అనువాదం చేయించకండి, ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టాల్సింది స్కూలే. ఇంట్లో ఆ పిల్ల తెలుగులో కూడా కథ చెప్పలేకపోతోందా, మాటలు వెతుక్కుంటోందా అన్నది మీరే బాగా చెప్పగలరు, రెండు భాషల్లోనూ ఇబ్బంది ఉంటే మాత్రం ఆలస్యం చెయ్యకండి.

ప్రాజెక్ట్ మారి ఊళ్ళు మారేవాళ్ళు సర్వే కాపీ, మొదటి టెస్ట్ ఫలితం, ఏటా వచ్చే రిపోర్టులు ఒక ఫోల్డర్‌లో పెట్టుకుని వెంట తీసుకెళ్ళండి. కాలిఫోర్నియాలో టెస్ట్ పేరే ఈఎల్‌ప్యాక్, ఇక్కడ ఎల్‌ప్యాక్ కమిటీ, రెండూ కలిపేసుకోకండి. న్యూయార్క్‌లో మళ్ళీ వాళ్ళ టెస్టులు వేరు. కాగితాలు లేకపోతే చాలాసార్లు మొదట్నుంచి మొదలుపెడతారు.

మీరు ఇంత శ్రద్ధగా అడిగారు కాబట్టి ఇది కూడా చెప్తున్నా. ప్రతి ఎల్‌ప్యాక్‌లో ఈ లిస్టులో ఉన్న పిల్లల తల్లి లేదా తండ్రి ఒకరు సభ్యులుగా ఉండాలి, స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం చేసేవాళ్ళు కాకూడదు. ట్రైనింగ్ వాళ్ళే ఇస్తారు, విన్న విషయాలు బయట చెప్పనని సంతకం పెట్టాలి. మీ క్యాంపస్‌లో ఆ చోటు ఖాళీగా ఉందేమో ఈ వారమే ఫ్రంట్ ఆఫీస్‌లో అడగండి, ఖాళీ ఉంటే మీ పేరు ఇవ్వండి.